రోహిణి కార్తెలో చల్లటి చేతులు

చేతులకి నూనె రాసుకుని రావద్దని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా మా పేషెంట్లు వినరు. తిమ్మిరి అనగానే ఇంట్లోవాళ్ళు కొబ్బరినూనెలో కర్పూరం వేసి, గోరువెచ్చగా కాచి, మోచేతి దాకా మర్దనా చేసి, ఆ జిడ్డుతోనే ఆటో ఎక్కించి పంపిస్తారు. అడిగితే, "ఆయ్, కొంచెమే రాశామండి" అంటారు. వాళ్ళ ప్రేమ సంగతి ఎలా ఉన్నా నా ఎలక్ట్రోడ్లు అంటుకోవు. టేపు జారిపోతుంది. స్క్రీన్ మీద గీత పూనకం వచ్చినట్టు ఊగుతుంది. ఇక నేను స్పిరిట్ దూది పట్టుకుని, వాళ్ళకి వినబడేటట్టే సణుగుతూ, ఆ చేతులు తోముకుంటూ కూర్చోవాలి.

నా పేరు మంజుష. రాజమండ్రిలో ఒక నరాల డాక్టరుగారి దగ్గర టెక్నీషియన్ని. నేను చేసే పని చెప్పడం తేలికే. నరం అంటే కరెంటు తీగ లాంటిది. మణికట్టు దగ్గర దానికి చిన్న షాక్ ఇస్తాను. అది నరం వెంబడి పోయి బొటనవేలి మొదట్లో ఉన్న కండని కదుపుతుంది. ఎంత త్వరగా చేరింది, ఎంత బలంగా చేరింది అన్నది మెషీన్ కొలిచి గీత గీస్తుంది. నరం బాగుంటే గీత చటుక్కున లేస్తుంది. చెడితే ఆలస్యంగా, నీరసంగా లేస్తుంది, లేదా అసలు లేవదు. ఏ జబ్బూ లేకపోయినా చెయ్యి చల్లగా ఉంటే నరం బద్ధకిస్తుంది. అందుకని చల్లటి చేతులు వస్తే వేడినీళ్ళ టబ్బులో కాసేపు పెట్టించి గాని మొదలుపెట్టను. నూనె, చలి, ఈ రెండింటితోనే నా గొడవంతా.

రోజూ పొద్దున్నే మొదటి పేషెంట్ని పిలిచేముందు మెషీన్ సరిగా ఉందో లేదో నా చేతి మీదే చూసుకుంటాను. నా నరం ఎలా పలుకుతుందో నాకు కంఠతా వచ్చు కాబట్టి తేడా ఉంటే అది మెషీన్‌దే అని తెలిసిపోతుంది. దానికి చిన్న షాక్ చాలు. ఈమధ్య నేను కావలసినదానికన్నా ఎక్కువే పెట్టుకుంటున్నాను. చేతి మీద ఎర్రటి చుక్కలు పడుతున్నాయి. ఎందుకూ అంటే, రోజు మొత్తం మీద నాకు తెలిసేది అదొక్కటే. మిగతాదంతా నా పక్కనించి వెళ్ళిపోతోంది. కూరలో ఉప్పు మరిచిపోతాను, తింటూ కూడా కనిపెట్టను.

పోయిన శ్రావణంలో మా ఆయన పోయారు. పేరు చైతన్య, ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం. భోజనం చేసి లేవబోతూ, గుండె మీద చెయ్యి వేసుకుని మళ్ళీ కూర్చున్నారు. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేసరికే అయిపోయింది. డ్యూటీ డాక్టరు ఈసీజీ తీయించాడు. కాగితం మీద గీత ఎత్తూ పల్లం లేకుండా అడ్డంగా వచ్చింది. అది చూసి అందరూ ఏడుపు అందుకున్నారు. నేను వంగి తీగలు చూశాను. క్లిప్పులు ఊడాయేమోనని ఒక్కోటీ నొక్కి చూశాను. జెల్ సరిపోలేదు, ఇంకాస్త రాయండి అన్నాను. అక్కడున్న సిస్టర్ నా భుజాలు పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. అడ్డగీత కనిపిస్తే నేను ముందు చూసేది తీగల్నే. నా ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పిన పాఠం అది. ఆ పూట నా చేతులకి వేరే పని తెలియలేదు.

నేను ఏడవలేదు. ఆ రోజూ ఏడవలేదు, పెద్దకర్మ రోజూ ఏడవలేదు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుందని చుట్టాలు అనుకుంటుంటే విన్నాను. మా ఆడపడుచు వెంకటదుర్గ అయితే, "అన్నయ్య అక్కడ అలా పడి ఉంటే ఈవిడ వైర్లు సవరిస్తోందండి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. ఆవిడ అన్నది నిజమే కదా, ఏమనాలి? కోపం రావాలి. నాకు కోపం మహా తేలిగ్గా వస్తుంది. అదీ రాలేదు.

ధవళేశ్వరం ఇంట్లో మిగిలింది మేమిద్దరం, నేనూ మా అత్తగారు సుభద్రమ్మగారూ. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. మేమిద్దరం చైతన్య పేరు ఎత్తం. ఎత్తకూడదని ఎవరూ అనుకోలేదు, అలా జరిగిపోయింది. బొత్తిగా మాటల్లేకుండా ఎదురెదురుగా అన్నం తినడం కష్టం కాబట్టి నేను నా పేషెంట్ల మీద విసుక్కుంటాను. ఫలానా ఆయన నూనె రాసుకొచ్చాడు, ఫలానా ఆవిడ ఏసీ బస్సులో వచ్చి మంచుముద్దల్లాంటి చేతులు నా ముందు పెట్టింది, ఇలాంటివి. ఆవిడ మజ్జిగ పోసుకుంటూ వింటుంది. అప్పుడప్పుడూ ప్రశ్నలు కూడా వేస్తుంది.

"చల్లటి చేతులని మెషీన్‌కి తెలీదటే?"

"దానికేం తెలుస్తుందండి? నరం చెడిపోయిందనే చూపిస్తుంది. మేమే కనిపెట్టుకోవాలి."

"కనిపెట్టకపోతే?"

"లేని జబ్బు ఉందని రాసేస్తారు."

"ఓహో" అని ఇంకాస్త మజ్జిగ పోసుకునేది. నా గోల వినే ఓపిక ఈవిడకైనా ఉంది అనుకునేదాన్ని, అంతే.

ఉగాది వెళ్ళాక వెంకటదుర్గ రామచంద్రపురం నించి వచ్చింది. అమ్మని తనతో తీసుకెళ్ళిపోతానంది. "నువ్వు పొద్దున్న పోతే సాయంత్రం గాని రావు వదినా. అన్నయ్యే లేనప్పుడు అమ్మ ఈ ఇంట్లో ఒక్కత్తీ గోడలు చూస్తూ ఎందుకు కూర్చోవాలి? మా ఇంట్లో పిల్లలుంటారు, కాలక్షేపం అవుతుంది" అంది. మాటలో తప్పేమీ లేదు. నేను బట్టలు మడతపెడుతున్నాను. "మీ ఇష్టం" అన్నాను.

మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నా వంక చూసింది. ఇంకేమైనా అంటానేమోనని కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ మడతలే మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టాను.

ఆ తరవాతే ఆవిడ చేతులు మొద్దుబారడం మొదలైంది. గ్లాసు జారిపోయేది. పువ్వులు మాల కడుతూ, "వేళ్ళకి దారం తెలియట్లేదే మంజూ" అనేది. పెనం మీది అట్టు చేత్తో తీయబోతే నేనే గబుక్కున ఆపాను. ఇవన్నీ వెంకటదుర్గకి ఫోన్లో చెప్పింది ఆవిడే. డాక్టరుగారు చూసి టెస్ట్ రాశారు.

వెంకటదుర్గ ఆలోచన సూటిగా ఉంటుంది. "నరాల జబ్బయితే అమ్మ ఇక్కడే ఉండాలి. డాక్టరు ఇక్కడున్నాడు, నువ్వున్నావు. రామచంద్రపురం నించి వారం వారం తిప్పలేను. నరాలు బాగున్నాయంటే మాత్రం ఆ సాయంత్రమే తీసుకుపోతాను, బట్టలు సర్దే ఉంచుతాను" అంది. మా అత్తగారు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. నేను మళ్ళీ "సరే" అన్నాను. కాని ఉన్న మాట చెప్పుకోవాలి. జబ్బు ఉంటే బాగుండునని నాకు అనిపించింది. కన్నతల్లి లాంటి మనిషికి జబ్బు కోరుకుంటున్నావేంటే అని నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టు కూడా ఎక్కడో దూరంగా వినిపించింది.

టెస్ట్ రోజున రోహిణి కార్తె నడుస్తోంది. రోళ్ళు బద్దలయ్యే ఎండ. తల్లీకూతుళ్ళు ధవళేశ్వరం నించి ఆటోలో వచ్చారు. వెంకటదుర్గ తల్లి బట్టల సంచి కూడా పట్టుకునే వచ్చింది. టెస్ట్ గదిలోకి తోడు మనుషుల్ని రానివ్వం. బయట బెంచీ మీద సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది. మా అత్తగారు గుడ్డసంచి ఒకటి చంకకి ఆనించుకుని లోపలికి వచ్చి, కుర్చీలో సర్దుకుని, పేషెంట్లందరి లాగే రెండు చేతులూ బల్ల మీద పెట్టింది.

ముట్టుకున్నాను. ఐసుపెట్టెలోంచి తీసిన చేపలా ఉంది చెయ్యి. పైన ఇంత నూనె.

"నూనె రాసుకుని రావద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు, ఒక్కరూ విన—" అని అలవాటుగా మొదలుపెట్టేసి, ఎవరితో మాట్లాడుతున్నానో చూసుకుని ఆగిపోయాను. ఈవిడకి చెప్పినన్నిసార్లు ఈ ప్రపంచంలో ఇంకెవరికీ చెప్పలేదు.

"కొంచెమే రాశానే" అంది బల్లకేసి చూస్తూ.

"ఇంత ఎండలో పడి వచ్చారు. చేతులేంటి ఇలా ఉన్నాయి?"

"ఏమో. రక్తం తక్కువేమో."

గుడ్డసంచి అడుగున తడి. తీసి చూశాను. తువ్వాల్లో చుట్టిన నీళ్ళ సీసా, లోపల నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. పొద్దున నేను ఫ్రిజ్ తెరిచినప్పుడు పైఅరలో అడ్డంగా పడుకుని ఉన్న సీసా అదే.

"దాహానికి తెచ్చుకున్నానే" అంది.

మూత సీలు తీయలేదు. ధవళేశ్వరం నించి రాజమండ్రి దాకా, ఆటోలో కూతురి పక్కన కూర్చుని, సంచిలో చేతులు దూర్చి, ఆ మంచుగడ్డని పట్టుకునే వచ్చిందన్నమాట. అరవై దాటిన మనిషి. నా కసుర్లన్నీ మజ్జిగన్నంలో కలుపుకుని తిని, ఒక్కటీ పారేయకుండా దాచుకుంది.

నాకు అంతా అర్థమైంది. స్పిరిట్ దూది తీసుకుని తోమడం మొదలుపెట్టాను. వేలు వేలు మధ్యా, మణికట్టు చుట్టూ తుడిచాను. మామూలుగా సణిగేదాన్ని, ఆ రోజు సణగలేదు. తరవాత టబ్బులో వేడినీళ్ళు పోసి ముందు పెట్టాను.

"టబ్బెందుకే? అలాగే కానిచ్చెయ్. బయట ఇంకా జనం ఉన్నారు కదా."

"చల్లగా ఉంటే నరం బద్ధకిస్తుందండి."

"బద్ధకిస్తే బద్ధకించనీ. అందరికీ ఉండేదే."

అలాగే కానిచ్చేయొచ్చు. ఆ చేతులకి తీగలు తగిలిస్తే గీత నీరసంగా, ఆలస్యంగా లేస్తుంది. డాక్టరుగారు కాగితం చూసి జబ్బనే అంటారు. వెంకటదుర్గ సంచి పట్టుకుని ఒక్కత్తే వెళ్ళిపోతుంది. ఎవరికీ తెలియదు. నేను అంతా ఆలోచించాను. కాని అలా రాస్తే మందులతో ఆగరు, మణికట్టు కోసి నరం వదులు చెయ్యాలంటారు. ఈవిడ ఆ కోతకి కూడా చెయ్యి చాపుతుంది, నాకు తెలుసు. ఆ రెండు చేతులూ పట్టుకుని నీళ్ళలో ముంచాను. తీసేస్తుందేమోనని పైన నా చేతులు పెట్టి ఉంచాను. మేమిద్దరం అంతసేపు ఒకరినొకరు ముట్టుకుని ఉండడం చైతన్య పోయాక అదే మొదలు.

వేళ్ళు వెచ్చబడ్డాయి. తుడిచి, ఎలక్ట్రోడ్లు అంటించాను. అవి సరిగా అంటుకున్నాయో లేదో మెషీనే చెబుతుంది, బాగుంటే పచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. అన్నీ పచ్చగా వెలిగాయి. మణికట్టు మీద పెట్టి చిన్న షాక్ ఇచ్చాను.

"తెలుస్తోందా అండి?"

"లేదే."

కొంచెం పెంచాను. బొటనవేలు ఎగిరింది.

"ఇప్పుడు?"

"ఉహుఁ."

గీత నిండుగా లేవాలంటే ఇంకా పెంచాలి. పెంచాను. అంత షాక్‌కి మగవాళ్ళు కూడా కుర్చీలో ఎగిరి నన్నూ నా వంశాన్నీ తలుచుకుంటారు. ఆవిడ బొటనవేలు గాలానికి తగిలిన చేపపిల్లలా కొట్టుకుంది. మొహం మాత్రం కదల్లేదు. దవడ బిగించి, గోడ మీది క్యాలెండర్‌కేసి చూస్తూ కూర్చుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏమీ తెలీట్లేదే మంజూ. చచ్చుబడిపోయింది చెయ్యి" అంది.

ఆ చేతికి ఇక ఇవ్వలేకపోయాను. ఇవ్వాల్సిన అవసరం కూడా లేదు. గీత చటుక్కున లేచి నిండుగా దిగింది. రెండో చెయ్యీ అంతే. పాతికేళ్ళ పిల్లకి ఉండాల్సిన నరాలు.

మెషీన్ పక్కకి తిప్పి చూపించాను. "మీ నరాలు బాగున్నాయండి అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ స్క్రీన్ వంక చాలాసేపు చూసింది. ఆ గీతలు ఆవిడకి అర్థం కావు. నా మొహం అర్థమవుతుంది.

"కాదేమోనే. మెషీన్ తప్పేమో" అంది. "తీగలు చూడవే ఒకసారి. ఎక్కడైనా ఊడి ఉంటాయి."

నేను లేచి తీగలు చూశాను.

ఊడలేదని తెలుసు. పచ్చ చుక్కలు నా ఎదురుగానే వెలుగుతున్నాయి. అయినా వంగి ఒక్కోటీ నొక్కి చూశాను. మణికట్టు దగ్గరిది నొక్కాను. బొటనవేలి దగ్గరిది నొక్కాను. చివరిది నొక్కుతుంటే నా చెయ్యి తడిసింది. అది జెల్ అనుకున్నాను. కాదు. నా కళ్ళలోంచే పడుతోంది. ఆపుదామంటే ఆగలేదు. శ్రావణంలో రావలసింది వైశాఖంలో, రోగులు కూర్చునే గదిలో, అత్తగారి చేతి మీద పడింది.

"ఊడలేదండి" అన్నాను.

"అలాగా" అంది ఆవిడ. తీగలున్న చేత్తోనే నా తల దగ్గరికి లాక్కుంది. స్క్రీన్ మీద గీత పైకీ కిందకీ చిందరవందరగా ఊగిపోయింది. నేను ఆపు చెయ్యలేదు.

బయటికి వచ్చాను. వెంకటదుర్గ లేచి నిలబడింది. నా మొహం చూసి కంగారుపడింది. "ఏంటి వదినా, అంత పెద్ద జబ్బా?"

"జబ్బు లేదు దుర్గా. నరాలు బాగున్నాయి. డాక్టరుగారూ అదే చెప్తారు."

"మరి ఏడుస్తున్నావేంటి?"

ఆ మాట కాస్త వింతగానే అడిగింది. నేను ఏడవగలనని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

"మీ ఇష్టం అన్నాను కదా, ఆ రోజు" అన్నాను. "నా ఇష్టం చెప్పలేదు. మీ అమ్మగారు నా దగ్గరే ఉండాలి. ఆవిడకి బాగానే ఉంది. నాకే బాగాలేదు. ఆవిడ లేకపోతే ఆ ఇంట్లోకి నేను వెళ్ళలేను."

వెంకటదుర్గ మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది. తరవాత తల ఎత్తకుండా, "ఆ రోజు అన్నయ్య దగ్గర వైర్లు ఎందుకు చూశావు వదినా?" అని అడిగింది.

"ఊడి ఉంటాయనుకున్నాను."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అటు పోతున్న పేషెంట్లు మాకేదో పెద్ద జబ్బు బయటపడిందనుకుని జాలిగా చూస్తూ పోయారు.

బట్టల సంచి ఆటోలో మాతోపాటు ధవళేశ్వరానికే వచ్చింది. వెంకటదుర్గ రామచంద్రపురం బస్సెక్కబోతూ, దాహం వేస్తోందని సీసా అడిగి పుచ్చుకుంది. సగం కరిగిన ఆ నీళ్ళు తాగి, "ఇంత చల్లవి ఎందుకు తెచ్చావే అమ్మా, పళ్ళు జివ్వుమంటున్నాయి" అంది. మా అత్తగారు నా వంక చూడకుండా రోడ్డుకేసి చూసింది.

ఆటో కాలవ గట్టు మీదికి వచ్చాక, మా అత్తగారు మణికట్టు రుద్దుకుంటూ, "ఆఖరి షాక్ మటుకు ప్రాణం తోడేసిందే" అంది. "దిక్కుమాలిన పని నీది. ఎలా పెడతావే మనుషులకి?"

"రోజూ ముందు నేనే పెట్టుకుంటానండి."

"తెలుసు. చుక్కలు కనిపిస్తూనే ఉన్నాయి" అంది. ఎన్నాళ్ళ నించి చూస్తోందో నేను అడగలేదు. నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఎర్రబడిన చోట బొటనవేలు పెట్టి, నేను పేషెంట్లకి నొక్కినట్టే, నెమ్మదిగా నొక్కింది.

"తెలుస్తోందా?"

"తెలుస్తోందండి" అన్నాను.